అశ్లీలత నుంచి సమ్మతికి: ఆంతరంగిక చిత్రాల వ్యాప్తిపై చట్టాల చరిత్ర



ఒక చట్టాన్ని న్యాయవాది చదివే తీరు వేరు, చరిత్ర విద్యార్థి చదివే తీరు వేరు. సెక్షన్ ఏం చెబుతోంది, శిక్ష ఎంత అన్నది న్యాయవాదికి ముఖ్యం. ఆ సెక్షన్ ఎప్పుడు పుట్టింది, ఎవరిని కాపాడడానికి పుట్టింది, అది రాకముందు ఆ చోట ఏముండేది అన్నవి మనకు ముఖ్యం. ఈ పాఠంలో మనం తీసుకుంటున్న విషయం మీలో చాలామందికి వార్తల ద్వారా తెలిసినదే. ఒక వ్యక్తి ఆంతరంగిక ఫోటోను గాని, వీడియోను గాని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఇతరులకు పంపడం, ఇంటర్నెట్‌లో పెట్టడం అనే నేరం అది.

ఇలాంటి చిత్రం ఒకటి కోర్టు ముందుకు వచ్చిందనుకోండి. చట్టం రెండు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడగవచ్చు. ‘ఈ చిత్రం అశ్లీలమా?’ అన్నది మొదటిది. ‘ఇందులో ఉన్న మనిషి దీన్ని పంచడానికి ఒప్పుకుందా?’ అన్నది రెండవది. రెండూ ఒకటే అనిపిస్తాయి గాని, వాటి ఫలితాలు పూర్తిగా వేరు. మన దేశపు శిక్షా చట్టం దాదాపు 150 ఏళ్లపాటు మొదటి ప్రశ్ననే అడుగుతూ వచ్చింది. రెండవ ప్రశ్న 2009 తర్వాత గాని చట్టంలోకి రాలేదు. ఈ ఆలస్యం వల్ల ఎవరికి ఏం జరిగిందో గమనించడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా పేరు గురించి ఒక మాట. పత్రికలు ఈ నేరాన్ని ‘రివెంజ్ పోర్న్’ అంటాయి. ప్రతీకారం అనాలంటే అవతలివారు ముందు ఏదో తప్పు చేసి ఉండాలి. పోర్న్ అనాలంటే ఆ చిత్రాన్ని జనం చూడడానికే తీసి ఉండాలి. ఈ రెండూ ఇక్కడ వర్తించవు. పైగా ఈ నేరాలు చాలావరకు ప్రతీకారం కోసం కాక డబ్బు గుంజడానికో, బెదిరించి లొంగదీసుకోవడానికో జరుగుతాయి. అందుచేత ఈ పాఠంలో ఆ పేరు వాడడం లేదు.

చదివేవాణ్ణి కాపాడిన చట్టం

మెకాలే ముసాయిదా ఆధారంగా 1860లో భారత శిక్షాస్మృతి వచ్చింది. అశ్లీల పుస్తకాలు, చిత్రాలు అమ్మడం, పంచడం నేరమని అందులోని 292వ సెక్షన్ చెప్పింది. అశ్లీలం అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసు తీర్పు వచ్చింది. చెడు ప్రభావాలకు లోనయ్యే మనసులను పాడుచేసే గుణం ఉన్నదే అశ్లీలం అని అది నిర్వచించింది. మన కోర్టులు కూడా ఆ కొలబద్దనే వాడాయి. 1964లో ఒక బొంబాయి పుస్తకాల దుకాణదారు కేసులో సుప్రీంకోర్టు దాన్నే కొన్ని సవరణలతో సమర్థించింది. ఆ దుకాణంలో అమ్మిన పుస్తకం డి.హెచ్. లారెన్స్ నవల.

ఈ చట్టం ఎలా పనిచేసిందో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రచురింపజేశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం దాన్ని అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గాని నిషేధం తొలగలేదు. రాసినదీ స్త్రీయే, అచ్చు వేయించినదీ స్త్రీయే. వారి ఇష్టాయిష్టాలతో ప్రభుత్వానికి నిమిత్తం లేదు. చదివేవాడు చెడిపోతాడా లేదా అన్నదొక్కటే దాని చింత.

ఇప్పుడు మన విషయానికి రండి. ఒక స్త్రీ ఫోటోను ఎవరో ఆమెకు తెలియకుండా పంచారు. 292వ సెక్షన్ ప్రకారం అక్కడ బాధితులు ఎవరు? ఆ స్త్రీ కాదు, చూసినవాళ్లు! ఆమె ఈ సెక్షన్‌లో ఎక్కడా కనబడదు. ఒకవేళ ఆ ఫోటోను ఆమే ఇష్టంతో ఒక వ్యక్తికి పంపి ఉంటే, ఆమెను ‘పంచినవారి’లో చేర్చి భయపెట్టడానికి కూడా వీలుంది. “పంపింది నువ్వే కదా” అన్న మాట పోలీస్ స్టేషన్లలో ఎంత సులభంగా వినబడుతుందో మీకు తెలుసు. ఆ మాటకు చట్టంలోనే వేరు ఉంది.

శిక్షాస్మృతిలో 509వ సెక్షన్ కూడా ఉంది. స్త్రీ మర్యాదను అవమానించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడడం నేరమని 1860లోనే అది చెప్పింది. ఆ కాలపు చట్టంలో ఏకాంతం అన్న మాట కనబడడమే విశేషం. అయితే అక్కడ కూడా రక్షణ ఆమె ‘మర్యాద’కే గాని ఆమె నిర్ణయానికి కాదు.

క్రిస్మస్ కార్డు మీది ఫోటో

రెండవ ప్రశ్న మూలాలు శిక్షా చట్టంలో లేవు, సివిల్ చట్టంలో ఉన్నాయి. 1849లో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ సొంతానికి చెక్కుకున్న బొమ్మల నకళ్లు బయటపడి, ఒక ప్రచురణకర్త వాటి జాబితాను అచ్చు వేయబోతే కోర్టు ఆపింది. ఆస్తి హక్కు, నమ్మకద్రోహం అన్నవి అందుకు ఆధారాలు.

మనకు అంతకంటే ముఖ్యమైనది 1888 నాటి పొలార్డ్ కేసు. ఇంగ్లండులో ఒక స్త్రీ స్టూడియోకు వెళ్లి, డబ్బిచ్చి ఫోటో తీయించుకుంది. ఫోటోగ్రాఫర్ ఆ ఫోటోను క్రిస్మస్ కార్డుగా తయారుచేసి తన దుకాణంలో ప్రదర్శనకు పెట్టాడు. నెగటివ్ తనదే కనుక ఏమైనా చేసుకోవచ్చని అతని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఫోటో తీయడానికి ఇచ్చిన అనుమతి ఆ పనికే పరిమితమని, దాన్ని దాటి వాడడం ఒప్పందాన్ని, నమ్మకాన్ని ఉల్లంఘించడమే అవుతుందని తీర్పు చెప్పింది. ఆ ఫోటోలో అశ్లీలం ఏమీ లేదు. అశ్లీలత ప్రసక్తి లేకుండానే కేసు తేలిపోయింది. రెండేళ్ల తర్వాత అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు ఏకాంత హక్కుపై రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ రెండు కేసులనూ ఆధారం చేసుకుంది.

‘తీయడానికి ఒప్పుకోవడం వేరు, పంచడానికి ఒప్పుకోవడం వేరు.’ 1888 నాటి ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. ఇది మన శిక్షా చట్టంలోకి రావడానికి 125 ఏళ్లు పట్టింది.

2004 నాటి క్లిప్పు, 2008 సవరణ

సమాచార సాంకేతిక పరిజ్ఞాన చట్టం, అంటే ఐటీ చట్టం, 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. అందులోని 67వ సెక్షన్ పాత 292కు కంప్యూటరు రూపం. కొలబద్ద మారలేదు.

2004 చివర్లో ఢిల్లీకి చెందిన ఇద్దరు బడి పిల్లల ఆంతరంగిక వీడియో ఒకటి ఫోన్లలో తిరిగి, బాజీ డాట్ కామ్ అనే వేలం వెబ్‌సైటులో అమ్మకానికి వచ్చింది. సంస్థ అధిపతి అరెస్టయ్యాడు. ఆ వ్యవహారం 2016 డిసెంబరులో సుప్రీంకోర్టులో శరత్ బాబు దిగుమర్తి కేసు తీర్పు దాకా, అంటే పన్నెండేళ్లు నడిచింది. ఎలక్ట్రానిక్ రూపంలోని అశ్లీలతకు ఐటీ చట్టమే వర్తిస్తుందని, దాన్ని పక్కనపెట్టి 292 కింద విచారించడం కుదరదని ఆ తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర విద్యార్థులకు అది ముఖ్యమైన తీర్పే. అయితే మీరు చరిత్ర విద్యార్థులుగా ఒక విషయం గమనించండి. వెబ్‌సైటు అధికారి బాధ్యత ఎంత, ఏ సెక్షన్ వర్తిస్తుంది అన్న వాటి చుట్టూనే ఆ చర్చ తిరిగింది. ఆ వీడియోలో ఉన్న అమ్మాయి అనుమతి ఆ కేసులో తేలవలసిన ప్రశ్నే కాలేదు. చట్టం అడగని ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పదు.

2008 డిసెంబరులో, ముంబయి దాడులు జరిగిన నెలలోపే, పార్లమెంటు ఐటీ చట్టాన్ని పెద్దగా చర్చ లేకుండా సవరించింది. ఆ సవరణలు 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చాయి. ఏ వ్యక్తి రహస్యాంగాల చిత్రాన్నైనా సమ్మతి లేకుండా, ఆ వ్యక్తి ఏకాంతాన్ని ఉల్లంఘించే పరిస్థితుల్లో తీయడం, ప్రచురించడం, పంపడం నేరమని కొత్తగా చేర్చిన 66ఈ సెక్షన్ చెప్పింది. మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సమ్మతి అన్న మాట ఈ విషయంలో మన చట్టంలోకి రావడం ఇక్కడే. ఇది పురుషులకూ, స్త్రీలకూ, ట్రాన్స్‌జెండర్లకూ సమానంగా వర్తిస్తుంది. కాని దీని పదాలు 2004 నాటి ఒక అమెరికా చట్టానికి చాలా దగ్గరగా ఉంటాయి. స్నానాల గదుల్లో, దుస్తులు మార్చుకునే గదుల్లో రహస్య కెమెరాలు పెట్టేవారి కోసం రాసిన చట్టం అది. కనుక శరీరంలోని కొన్ని భాగాలు కనబడితేనే 66ఈ వర్తిస్తుంది. ప్రేమికులు దగ్గరగా ఉన్న ఫోటో, ముద్దు పెట్టుకుంటున్న వీడియో దీని పరిధిలోకి రావు. మన ఊళ్లలో అలాంటి ఒక్క ఫోటో చాలు, ఒక అమ్మాయి చదువు ఆగిపోవడానికి.

2013: రెండవ వివరణ

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేఠ్, గోపాల్ సుబ్రమణియం సభ్యులుగా ఏర్పడిన కమిటీ 29 రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే క్రిమినల్ చట్టాల సవరణ జరిగి, భారత శిక్షాస్మృతిలో 354సి సెక్షన్ చేరింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడడం, చిత్రం తీయడం, ఆ చిత్రాన్ని పంచడం దీని కింద నేరాలు. మొదటిసారి అయితే ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు జైలు.

మన కథకు కీలకం ఆ సెక్షన్ కింద ఉన్న రెండవ వివరణ. చిత్రం తీయడానికి స్త్రీ ఒప్పుకుని, ఇతరులకు పంచడానికి ఒప్పుకోనప్పుడు, అలా పంచడం కూడా ఈ సెక్షన్ కింద నేరమే అని అది స్పష్టంగా చెప్పింది. ఇది పొలార్డ్ కేసు సూత్రమే. “పంపింది నువ్వే కదా” అన్న మాటకు చట్టం జవాబిచ్చిన మొదటి వాక్యం ఇది. నా ఉద్దేశంలో, ఈ రంగంలో మన శాసనకర్తలు రాసిన వాక్యాల్లో ఇంత విలువైనది మరొకటి లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. అశ్లీలత చట్టం మీదే ఆధారపడి ఉంటే ఏమయ్యేది? 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు హిక్లిన్ కొలబద్దను వదిలేసింది. నగ్నచిత్రం అయినంత మాత్రాన అశ్లీలం కాదని, సమకాలీన సమాజ ప్రమాణాలతో మొత్తంగా చూడాలని చెప్పింది. రచయితలకూ, కళాకారులకూ ఇది మేలు చేసిన తీర్పు. కాని ఫోటో బయటపడిన స్త్రీ 67వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే, “ఈ చిత్రం అశ్లీలం కాదు” అని నిందితుడి లాయరు ఇదే తీర్పును చూపించవచ్చు. అప్పుడు ఆమె తన చిత్రం అసహ్యమైనదని తానే నిరూపించవలసి వస్తుంది. సమ్మతి ప్రశ్న ఆమెను ఆ దుస్థితి నుంచి తప్పించింది.

354సికి లోపాలు లేకపోలేదు. బాధితురాలు స్త్రీ అయితేనే ఇది వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షన్ అయింది. అక్కడ నేరస్థుడు ఎవరైనా కావచ్చు గాని, బాధితురాలు మాత్రం స్త్రీయే. ఇక సెల్ఫీ సంగతి ఉంది. తన ఫోటో తానే తీసుకున్నప్పుడు ‘తీయడానికి సమ్మతి’ అన్న మాట సూటిగా అతకదు. దాని మీద వాదనకు చోటుంది.

2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు ఒక యువకుడికి ఐదేళ్ల జైలు, 9,000 రూపాయల జరిమానా విధించింది. ఒక యువతి ఆంతరంగిక వీడియోను పోర్న్ సైటులో పెట్టిన కేసది. 354సి, 66ఈ, 67, 67ఎ మొదలైన సెక్షన్లన్నీ అందులో కలిపి వాడారు. ఒకే పనికి అన్ని సెక్షన్లు అవసరమయ్యాయంటే, ఆ పనికి సరిపోయే ఒక్క సెక్షన్ లేదని అర్థం.

హైదరాబాదు నుంచి ఒక లేఖ

శిక్ష పడినా చిత్రం ఇంటర్నెట్‌లో ఉండిపోతే బాధితురాలికి ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు ముందుంచింది హైదరాబాదు సంస్థ ‘ప్రజ్వల’. 2015 ఫిబ్రవరిలో దాని వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలను పెన్ డ్రైవ్‌లో జతచేశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా స్వీకరించి, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2017లో ప్రభుత్వ నిపుణులూ, గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి సంస్థల ప్రతినిధులూ ఒక కమిటీగా కూర్చున్నారు. ఫిర్యాదుదారు పేరు చెప్పకుండానే ఇలాంటి చిత్రాలపై ఫిర్యాదు చేయడానికి వీలు కల్పించే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ 2018లో రావడం వెనుక ఈ కేసు ఉంది.

విచిత్రం ఏమిటంటే, ఆ లేఖ వెళ్లిన మరుసటి నెలలోనే, 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ కేసు తీర్పు వచ్చింది. భావప్రకటన స్వేచ్ఛకు అది గొప్ప విజయం. 66ఎ సెక్షన్‌ను అది కొట్టివేసింది. దానితోపాటు, కోర్టు ఆదేశమో, ప్రభుత్వ నోటీసో వస్తేనే వెబ్‌సైట్లు దేన్నైనా తొలగించాలి గాని ఎవరో ఫిర్యాదు చేస్తే చాలదని కూడా చెప్పింది. రాజకీయ విమర్శల విషయంలో ఇది న్యాయమే. తన ఫోటో తొలగించమని కోరే స్త్రీకి మాత్రం, కోర్టు ఆదేశం తెచ్చేలోపు జరగవలసిన నష్టమంతా జరిగిపోతుంది. ఈ చిక్కును 2021 ఐటీ నియమాలు కొంత విప్పాయి. నగ్నత్వం, లైంగిక చర్య, మార్ఫింగ్ చేసిన చిత్రాల విషయంలో ఆ వ్యక్తి గాని, వారి తరఫున మరొకరు గాని ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని గడువు పెట్టాయి.

ఈలోగా 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంత హక్కు ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఇందులో తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి ఒకటుంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు ఏకాంత హక్కును గుర్తించలేదు. అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని భిన్నాభిప్రాయం రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన రాజమండ్రి వాసి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. 55 ఏళ్ల తర్వాత ఆ మైనారిటీ అభిప్రాయమే దేశపు చట్టమైంది.

నిందితుడి పక్షం

ఇంతవరకు బాధితుల వైపు నుంచి చూశాం. నేరం ఎంత నీచమైనదైనా, నిందితుడికి తన వాదన వినిపించుకునే హక్కు ఉంటుంది. ఈ కేసుల్లో సాధారణంగా వచ్చే ప్రతివాదాలు కొన్నే. ‘ఆ ఖాతా నాది కాదు, నా ఫోను మరొకరి దగ్గర ఉంది’ అన్నది ఎక్కువగా వినబడేది. ఐపీ అడ్రసు ఒక ఇంటర్నెట్ కనెక్షన్‌ను చూపిస్తుందే గాని వేలు పెట్టిన మనిషిని చూపించదు కనుక, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రెండవది సమ్మతి ఉందన్న వాదన. మూడవది సాక్ష్యం మీద అభ్యంతరం. ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలుకు నిర్ణీత ధ్రువపత్రం ఉండాలని 2014లో అన్వర్ కేసులో, మళ్లీ 2020లో అర్జున్ పండిట్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదీ తెచ్చిన స్క్రీన్‌షాట్ ప్రింటుకు ఆ పత్రం లేక బలహీనపడే కేసులు ఉంటాయి.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న కేరళ నుంచి వచ్చింది. ఒక నటిపై జరిగిన లైంగిక దాడి దృశ్యాలు ఒక మెమరీ కార్డులో ఉన్నాయి. తనపై మోపిన అభియోగానికి ఆధారమైన ప్రతి పత్రం నకలు పొందే హక్కు తనకుందని, కనుక ఆ కార్డు నకలు కావాలని నిందితుల్లో ఒకరు అడిగారు. మామూలు కేసుల్లో ఆ హక్కు నిజంగానే ఉంది. ఇక్కడ నకలు ఇస్తే అది ఎక్కడికి పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. 2019 నవంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రెండు హక్కులనూ తూచింది. మెమరీ కార్డులోని అంశం చట్టం దృష్టిలో పత్రమే అని ఒప్పుకుంది. అయినా బాధితురాలి ఏకాంతం దృష్ట్యా నకలు ఇవ్వనవసరం లేదంది. నిందితుడు, అతని లాయరు, అతని సాంకేతిక నిపుణుడు కోర్టులో దాన్ని పరిశీలించవచ్చని, స్వతంత్ర ఫోరెన్సిక్ సంస్థ అభిప్రాయం కూడా కోరవచ్చని చెప్పింది. సాక్ష్యం విచారణ కోసమే ఉన్నా, దాన్ని మరొక నకలు తీయడమే మరొక సారి పంచడం కాగలదని ఆ తీర్పు గుర్తించిందన్నమాట.

ఇలా చూడడానికి వీలిచ్చే సాంకేతిక ఆధారం హ్యాష్ విలువ. ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె అది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. 2024లో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ధ్రువపత్రంలో హ్యాష్ విలువను రాయాలంటుంది. నిందితుడికీ, ఫిర్యాదీకీ ఇది సమానంగా ఉపయోగపడే నిబంధన.

విదేశాల్లో ప్రతివాదం మరో రూపం తీసుకుంది. 2015లో ఇంగ్లండు ఈ నేరాన్ని ప్రత్యేకంగా నిర్వచించినప్పుడు, బాధ కలిగించే ఉద్దేశం ఉండాలని షరతు పెట్టింది. ‘నేను బాధపెట్టాలని కాదు, గొప్ప చెప్పుకోవాలని స్నేహితులకు పంపాను’ అన్నవాడు తప్పించుకునేవాడు. 2023 చట్టంలో ఆ షరతు లేకుండా మూల నేరాన్ని తిరగరాశారు. మన 354సిలో ఆ షరతు మొదటినుంచీ లేదు.

మిగిలిన ఖాళీలు

ఎవరి ముఖాన్నో మరొక శరీరానికి అతికించే డీప్‌ఫేక్ విషయంలో 66ఈ తడబడుతుంది. అసలు ఆ వ్యక్తి రహస్యాంగాల చిత్రం అంటూ ఒకటి లేదు కదా! అప్పుడు కేసు మళ్లీ 67 దగ్గరకు, అశ్లీలత దగ్గరకు పోతుంది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు దీనికి దగ్గరి చుట్టం. ఒక స్త్రీ తన సోషల్ మీడియాలో పెట్టుకున్న మామూలు ఫోటోలను ఎవరో తీసి పోర్న్ సైటులో పెట్టారు. ఫోటోల్లో అశ్లీలం ఏమీ లేదు. అయినా ఆమె సమ్మతి లేకుండా అలాంటి చోట పెట్టడమే 67 కిందికి వస్తుందని కోర్టు చెప్పి, వాటిని తొలగించడమే కాక సెర్చ్ ఇంజన్లలో కనబడకుండా చేయాలని ఆదేశించింది. పాత సెక్షన్ పదాలను అలాగే ఉంచి, న్యాయమూర్తి దానితో కొత్త ప్రశ్న అడిగించారు.

పేరు గోప్యత మరొక ఖాళీ. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం నేరం. పాత 228ఎ, ఇప్పటి 72వ సెక్షన్ అందుకున్నాయి. కాని ఆ రక్షణ కొన్ని లైంగిక నేరాలకే పరిమితం. 77వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. ఫోటో బయటపడినందుకు ఫిర్యాదు చేస్తే పేరు కూడా బయటపడుతుందేమోనన్న భయంతో ఎందరో స్టేషన్ గడప తొక్కరు. పైన చెప్పిన ఢిల్లీ కేసు న్యాయ నివేదికల్లో ‘ఎక్స్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా’ అని నమోదైంది. ఆమె పేరుకు బదులు ఆ ఒక్క అక్షరం పెట్టింది కోర్టు. పార్లమెంటు రాసిన ఏ సెక్షన్ కూడా ఆమెకు ఆ అక్షరాన్ని హక్కుగా ఇవ్వలేదు.